నీలం చూడాలంటె అద్దాలు తియ్యాలె

కొత్తకోట,
25 మే 2025, ఆదివారం.

చెల్లె పద్మజకు,

నీ ఇమ్మానుయేల్ అన్న చెప్తుంటె మా అక్క భాగ్యమ్మ రాస్తున్న ఉత్తరం ఇది. మొదాల మేమంత ఈడ క్షేమం అని రాయమన్న. అక్క పెన్ను ఆపింది. ఎందుకాపినవే అంటె, ఎవరురా క్షేమం అన్నది. సరే, సగం క్షేమం అని రాయి, తక్కిన సగం వాళ్ళనే అడుగుదమన్న. గందుకని, ఈడ మేం సగం క్షేమం. ఆడ మీరెట్లున్నరు? మీ నాయిన లింగయ్యకు, మీ అమ్మకు నా నమస్తెలు చెప్పు. దేవుని కృప నీకు తోడుండాలె అని అక్క తన దిక్కుకెల్లి ఒక ముక్క రాసుకుంట అంటుంది. రాసుకోని. ఈ ఉత్తరంల ఆమె సొంత మాట గదొక్కటే.

ఈ కాలంల ఉత్తరమేందని నవ్వకు. నీ ఫోన్ బంద్ ఉన్నది. మెసేజ్ పెడితె ఒక్క టిక్కు కాడనే నిలబడి సూస్తుంది. మన ల్యాబు శివ నాగర్‌కర్నూల్ పోయినప్పుడు మీ ఊరు తిమ్మాజిపేటకు వచ్చి నిన్ను కలిసిండు గద, మొన్న ఈడికొచ్చి అంత చెప్పిండు. నువ్వు పీహెచ్‌డీ ఇడిసిపెడుతున్న అని మన గైడ్ సారుకు రాసినవట. ఒక మనిషి కన్ను తీసిన చేతులతోని మళ్ళ ఆ లేజర్ ఎట్ల పట్టుకోవాలె అన్నవట. అన్నం సుత సరిగ్గ తింటలేవని మీ అమ్మ శివ ముందర ఏడ్చిందట. సారు నీ కాయితం ఇంకా పైకి పంపలే. జూన్ ఆఖరుదాంక సెలవు కింద లెక్కపెట్టిండట. అప్పటిదాంక రాకుంటె నీ సీటు పోతది, ఇన్నేండ్ల పని బూడిదల పోసినట్టు అయితది. నువ్వు ల్యాబుకు వాపసు పోవాలె. అసలు సంగతి గంతే. ఇంక రాయించేదంత ఎందుకు పోవాలెనో చెప్పనీకె.

ముందుగాల నా కన్ను సంగతి. కుడి కంట్ల నడిమిట్ల ఒక నల్ల మచ్చ ఉన్నది. దేన్ని చూస్తె అది ఉండదు, దాని సుట్టుపక్కలది ఉంటది. మా బావ మాసయ్య ఎదురుంగ నిలబడితె చెవులు కనపడుతయి, భుజాలు కనపడుతయి, మొఖం ఉండదు. మొదట్ల భయమయ్యింది. పొద్దుగూకితె పోయింది పొద్దా నా చూపా అని పరేషాన్ అవుతుంటి. ఇప్పుడు జర నయం. మచ్చ మొదట్ల రూపాయి బిళ్ళంత ఉండె, ఇప్పుడు కందిగింజంత అయ్యింది. ఎడమ కన్ను భేషుగ్గ ఉన్నది. దవాఖానల చదువుడు రాసుడు కొన్ని దినాలు వద్దన్నరు, అందుకే అక్కతోని రాయిస్తున్న. దసరా అయినంక నేను గూడ ల్యాబుకు వస్త. దేవుడు కండ్లు రెండు ఇచ్చింది ఎందుకనుకున్నవు?

ఇగ కోపం సంగతి. నాకు నీ మీద కోపమున్నది. కన్నుకు దెబ్బ తగిలినందుకు కాదు. దవాఖానకు దినాం వచ్చి కుర్చీల కూసోని, ఒక్క మాట మాట్లాడక, ఒక దినం చెప్పకుండ ఊరికి పోయినవు చూడు, గందుకు. నేను నీ అడుగుల చప్పుడు కోసం చూసిన. నర్సమ్మ చెప్పుల చప్పుడైతె నువ్వే అనుకున్న. చెప్పి పోతె ఏమయితుండె? నాకు బాధయ్యింది పద్మజా, అబద్ధమెందుకు.

ఆ దినం జరిగిన ముచ్చటను నువ్వు నీ మనసుల ఒక తీరుగ రాసి పెట్టుకున్నవు. నేను జరిగింది జరిగినట్టు చెప్త. ఆకుపచ్చ లేజర్ పెట్టినం. ఎదురుంగ నువ్వు గాజు పలక మీద రంగులు పూసి చేసిన పల్సటి ఫిల్మ్. ఆకుపచ్చ లోపలికి పోయింది, నీలం బయటికి వచ్చింది. సీసాల కలిపిన మందుల నీలం చానసార్లు చూసినం గని, ఎండిన గట్టి ఫిల్మ్‌ల అదే మొదలు. కంప్యూటర్ మీద గీత లేచింది. అన్నా నీలం, అని నువ్వు అన్నవు. కండ్లకు లేజర్ అద్దాలు పెట్టుకున్నోనికి నీలం యాడ కనపడ్తది? ఆకుపచ్చను ఆపే అద్దం నీలాన్ని సుత ఆపుతది. మన పనికున్న శాపమే అది. మన చేతులతోని పుట్టించిన వెలుగును చూడాలంటె కండ్లను కాపాడేదాన్ని తియ్యాలె. కెమెరా ఉన్నది, గీత ఉన్నది, ఒప్పుకుంట. గని ఏండ్లకేండ్లు ఎదురుచూసినోడు గీతను చూసి ఊకుంటడా? నువ్వు ఎన్నిసార్లు తియ్యలే? సారు తియ్యడా? ఈ పని చేసెటోళ్ళల్ల ఒక్కసారన్న తియ్యనోడు ఉంటె చూపియ్యి.

నేను తీసిన. వంగిన. అదే గడియల నువ్వు ఫిల్మ్ పట్టిన క్లిప్పును జర పక్కకు జరిపినవు. నున్నటి ఇనుప క్లిప్పు, లైటు దానికి తాకి మళ్ళి వచ్చింది. గంతే. నువ్వు నా దిక్కు చూడలే, అద్దాలు తీస్తున్న అని నేను చెప్పలే. నువ్వు చూడమన్నందుకే తీసిండు అని శివతోని అన్నవట. నువ్వు పిలవకముందే నా చెయ్యి అద్దాల మీదున్నది. నా చెయ్యి యాడుండెనో నాకు తెలుస్తదా నీకు తెలుస్తదా? ఇప్పుడు ల్యాబుల కొత్త అద్దాలు తెప్పించిండ్రట, తలుపుకు ఎర్ర బోర్డు కొట్టిండ్రట, క్లిప్పులకు నల్ల రంగు పూసిండ్రట. చేతులు కాలినంక ఆకులు. అయినా మంచిదే, నీకు పనికొస్తయి.

ఇంకొకటి అడుగుత చెప్పు. లేజర్‌ను గంత జోరుగ ఎందుకు పెట్టినం మనం? సీసాలల్ల పని చేసినప్పుడు దాంట్ల పదో వంతు చాలుతుండె. ఫిల్మ్‌ల ట్రిప్లెట్లు నిలబడక, నీలం రాక, పెంచుకుంట పెంచుకుంట పోయినం గద.

ఈడికి వచ్చెవరకు అక్క పెన్ను కింద పెట్టింది. ట్రిప్లెట్ అంటె ఏందో తెల్వకుండ నేను రాయ, తిట్టేమో అన్నది. ఆమెకు చెప్పింది చెప్పినట్టే రాయిస్తున్న, నువ్వు నవ్వుకున్నా సరే. ఆకుపచ్చ వెలుగుకు బలం తక్కువ, నీలానికి బలం ఎక్కువ. ఒక్క ఆకుపచ్చతోని నీలం కాదు, రెండిటి బలం ఒక్కకాడికి రావాలె. ఫిల్మ్‌ల రెండు రంగులుంటయి. ఒకటి పట్టే రంగు, అది ఆకుపచ్చను పట్టుకుంటది. పట్టిన బలాన్ని రెండోదానికి, ఇచ్చే రంగుకు, అప్పజెప్తది. ఆ బలం మీద పడ్డ అణువు పైన ఇరుక్కుంటది. కిందికి దిగనీకె దానికి దారి సక్కగ ఉండదు, గందుకే తక్కినవాటికన్న ఎక్కువసేపు బతుకుతది. గట్ల ఇరుక్కున్నదే ట్రిప్లెట్. గసొంటివి రెండు ఎదురుపడితె, ఒకటి తన బలమంత రెండోదానికి ఇచ్చి కింద కూసుంటది. రెండోది ఇంకా పైకి లేచి నీలం ఇడుస్తది.

ఇచ్చింది సచ్చిపోతదారా అని అక్క అడిగింది. సావదే, ఖాళీ అయితది, మళ్ళ ఎవరన్న బలం తెచ్చి ఇస్తె మళ్ళ పట్టుకుంటది అన్న. ఆమె లేచి పోయి చాయ్ పెట్టుకొచ్చింది. చాయ్ తాగినంక మళ్ళ రాస్తుంది.

రెండు ఎదురుపడాలె, అసలు చిక్కు ఆడ ఉన్నది. ఎదురుపడకముందే ఆక్సిజన్ వచ్చి గుంజుకుంటది. లేకుంటె బలం వచ్చిన దారినే పట్టే రంగుకు వాపసు పోతది. లేకుంటె ఏదో ఒక మూలకు చిక్కి ఒట్టి వేడైపోతది. ఎదురుపడ్డా ప్రతిసారి నీలం రాదు. మీ పొలం కాల్వ ఆఖరుకున్నది, నీకు నేను చెప్పాల్నా? పైన ఎంత ఇడిసినా నడుమ గండ్లు పడితె ఆఖరు మడి తడవదు. గండి యాడున్నదో చూడకుండ మనం పైనుంచి ఇంకింత ఇడిసినం. వెలుగు తక్కువున్నకాడ దాన్ని సగం చేస్తె నీలం సగం కాదు, పావు వంతు అయితది. ట్రిప్లెట్లు పల్సగ ఉంటె ఒకదానికొకటి దొరకవు. అందుకని లేజర్‌ను పెంచినం. పెంచిన ఆ వెలుగే నా కంట్ల పడ్డది. నీ చెయ్యి కాదు తల్లీ, గండ్లు. నువ్వు ఎవరినన్న తిట్టుకోవాలంటె వాటిని తిట్టుకో.

ఈడ నాకు పనేం లేదు. పొద్దున లేస్తె బావ పంచరు షాపు ముందర నల్లద్దాలు పెట్టుకోని కూసుంట. బెంగుళూరు దిక్కుకెల్లి లారీలొస్తయి. కన్నడం మాట్లాడే డ్రైవరొకడు నన్ను చూసి, ఈయన పెండ్లికొడుకు లెక్క కూసున్నడు, పని చెయ్యడా అని బావను అడిగిండట. బావ వంగి చక్రం ఇప్పుకుంట కూసున్నడు. అమ్మ కొల్లాపూర్ దిక్కు మామిడితోటల కాయలు ఏరే పనికి పోతుంది. వారానికోసారి వస్తది. ఆమెకు కన్ను కలక అని చెప్పినం. వచ్చినప్పుడల్ల ఏదో చెట్టు పసరు తెచ్చి కంట్ల పిండుత అంటది, అక్క కొట్లాడి సీసా దాచిపెడుతది. పసరు పోయలేదని అమ్మ అలిగి పోతది. ఇల్లంత గిట్లనే ఉన్నది. నవ్వుదమంటె నవ్వు వస్తలేదు.

మధ్యాహ్నం పూట మంచం మీద పండుకోని నీ పాత గీతలను మతికి తెచ్చుకుంట. నువ్వు గోడకు అతికించినవి, సారు చూసి సింపి పారెయ్యమన్నవి, అన్ని. ఒక సంగతి తట్టింది. మంచిగ విను. మనం ఆకుపచ్చ ఎక్కువ పట్టాలని పట్టే రంగును దండిగ పోసినం. సీసాల అణువులు ఈదుకుంట పోయి కలుస్తయి. ఫిల్మ్‌ల ఈదలేవు. బలమే ఒకదాని చేతుల నుంచి ఇంకొకదాని చేతులకు దాటుకుంట పోవాలె. దారి పొడుగూత పట్టే రంగే నిలబడితె బలం దానికే వాపసు పోతది. ఇంత కష్టపడి పుట్టిన నీలాన్ని సుత అదే మింగుతది. మనం గండి పూడుస్తున్నమనుకోని గండి తవ్వినమేమో అని నా అనుమానం.

నువ్వు పోయి చెయ్యాల్సింది గిది. పట్టే రంగును తగ్గించుకుంట తగ్గించుకుంట ఫిల్మ్‌లు చెయ్యి. ప్రతి దాంట్ల లేజర్ ఆపినంక నీలం ఎంతసేపు ఆగుతదో చూడు. గీత కిందికి దిగేటప్పుడు దాని తోక పొడుగ్గ ఉంటె ట్రిప్లెట్లు బతుకుతున్నట్టు, పొట్టిగయితె సస్తున్నట్టు. సీసాల కొలిచిన ఆయుష్షునే మనం ఫిల్మ్‌కు గూడ లెక్కగట్టినం, ఫిల్మ్‌ల మళ్ళ కొలవలే. అది ఇద్దరం కలిసి చేసిన తప్పు, సారు గూడ పట్టలే. గాలి తగలకుండ మూసుడు మాత్రం మరువకు, నైట్రోజన్ నింపిన డబ్బాల చేతులు పెట్టి పని చేసుడంటె నీకు ఎంత కోపమున్నా సరే. తోక పొడుగైన ఫిల్మ్ దొరికితె, తక్కువ వెలుగుకే నీలం వస్తది. గప్పుడు ఎవ్వరు గంత జోరు లేజర్ ముందర వంగే అక్కెర ఉండదు. నీ తర్వాత వచ్చే పిల్లలు గూడ అద్దాలు తీస్తరు పద్మజా, ఎంత బోర్డు పెట్టినా తీస్తరు. గప్పుడు ఆ వెలుగు కన్ను పొయ్యేంత జోరు ఉండొద్దు. నాకు కావాల్సింది గదే.

నేను చెప్పింది తప్పు గూడ కావొచ్చు. తప్పైతె తప్పని కొలిచి చూపియ్యి, నాతోని కొట్లాడు. ఇంట్ల కూసోని ఏడిస్తె ఒప్పో తప్పో ఎట్ల తెలుస్తది? పేపరు రాస్తె మొదటి పేరు నీదే పెట్టాలె, సారుకు శివతోని చెప్పి పంపిన. మొహమాటం పడకు. ఫిల్మ్ చేసింది నువ్వు, చెయ్యబోయేది నువ్వు.

ల్యాబుకు పోయిన దినం నీకు లేజర్ ముట్టబుద్ధి కాదు, నాకు తెలుసు. శివను పక్కకు నిలబెట్టుకో. ఒక దినం ఆన్ చేసి బంద్ చేసి ఇంటికి పో. రెండో దినం ఫిల్మ్ పెట్టు. జవాబు రాస్తె అక్క చదివి వినిపిస్తది. ఫోన్ ఆన్ చేస్తె ఇంకా మంచిది, నీ గొంతు విని చాన దినాలయ్యింది.

నువ్వు రైలెక్కినవో బస్సెక్కినవో, ల్యాబు తాళం చేతికి తీసుకున్నవు అన్న కబురు కోసం ఎదురుచూసే,

నీ అన్న,
ఇమ్మానుయేల్

తా.క. అమ్మా పద్మజా, ఇది తమ్ముడు చెప్పింది కాదు. నేను భాగ్యమ్మను రాస్తున్న. వాడు ఈడనే నా పక్కల కూసున్నడు. కవరు మీద అడ్రస్ రాస్తున్న అనుకుంటుండు. నేనేం రాస్తున్ననో వానికి కనపడదు, అందుకే రాయగల్గుతున్న.

వాని ఎడమ కన్ను భేషుగ్గ లేదు. పుట్టినకాడికెల్లి అది సరిగ్గ కనపడదు. మేం పని కోసం ఊర్లు తిరుగుతున్నప్పుడు ఎవ్వరికి తెల్వలే, తెలిసేటాలకు అద్దాలు పెట్టినా రాదన్నరు. వాడు ఇన్నేండ్లు చదివింది, మీ ల్యాబుల పని చేసింది, అంత కుడి కంటితోనే. ఎవ్వరికి చెప్పనిచ్చేటోడు కాదు. మీ సారుకు గూడ తెల్వదు. ఆ దెబ్బ తగిలింది మంచి కంటికి.

మచ్చ కందిగింజంత కాలే. తగ్గదని పెద్ద దవాఖానల చెప్పిండ్రు. చెప్పినప్పుడు వాడు నా పక్కల్నే ఉన్నడు, అన్ని తెలుసు. దసరాకు రాడు. ఇంక చదవలేడు. పొద్దున షాపు దాంక గూడ నేను చెయ్యి పట్టుకోని కూసోబెట్టి వస్త.

నిన్ను తిట్టనీకె రాస్తలేను. మొదట్ల తిట్టుకున్న, దేవుని ముందర అబద్ధం చెప్ప. గని ఇయ్యాల ఉత్తరం రాయించుకుంట వాడు మాట్లాడినంత, దవాఖాన నుంచి వచ్చినంక ఎన్నడు మాట్లాడలే. ఆ నీలం సంగతి చెప్పేటప్పుడు చేతులు ఊపుకుంట చెప్పిండు. రాసుడు అయిపోయింది అనంగనే మళ్ళ మూగోడయ్యిండు. నువ్వు నిజం తెల్వక పోయి, దసరాకు వాని కోసం చూసి, వాడు రాకపోతె మళ్ళ అన్ని ఇడిసిపెట్టి ఇంటికి పోతవేమో అని నా భయం. గట్లయితె వానికి ఏం మిగులదు. గందుకే తెల్సుకోని పో.

పొయ్యేముందు ఒక్కసారి ఈడికి రా. కొత్తకోటల బస్సు దిగి మాసయ్య పంచరు షాపు అంటె ఎవరన్న చూపిస్తరు. నీ మొఖం వానికి కనపడదు, గొంతు గుర్తుపడుతడు. నేను నీకు చెప్పిన అని చెప్పకు. దసరాకు వస్త అంటె, రా అన్నా అను. నీ లెక్కలు తెచ్చి చదివి వినిపియ్యి, వాడు తప్పంటె కొట్లాడు. వాని ముందర మాత్రం ఏడ్వకు. ఏడ్చేదుంటె తిమ్మాజిపేటల్నే ఏడ్చి రా.